ఆరు తీగల్లో ఏది మొరాయిస్తోంది?

గిటార్ కొన్న మొదటి నెలలో దాదాపు అందరికీ ఒకటే బాధ. బొమ్మ చూసి సి మేజర్ అనే కార్డ్ పట్టు పడతారు, కుడిచేత్తో తీగలన్నిటినీ గీస్తారు, వచ్చే మోత మాత్రం రేకు డబ్బా కొట్టినట్టు మొద్దుగా ఉంటుంది. వేళ్లలో బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా నొక్కుతారు. వేలి కొసలు కందిపోతాయి కానీ మోత మారదు. నేనూ వారాల తరబడి అలాగే నొక్కాను. కావలసింది బలం కాదు, సరైన చోటు అని అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుత్తి. గుత్తిగా విన్నంతసేపూ తప్పు ఎక్కడుందో చెవికి చిక్కదు. అందుకే పట్టు వదలకుండా ఐదో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఒక్కొక్కదాన్నే మీటి చూడాలి (అన్నిటికన్నా సన్నటిది ఒకటో తీగ, లావుటిది ఆరోది; సి మేజర్‌లో ఆరోదాన్ని మీటరు). మూడు నాలుగు తీగలు బాగానే మోగుతాయి, ఒకటి మొరాయిస్తుంది. అది ఎలా మొరాయిస్తోందో వినండి. టక్కుమని ఆగిపోతోందా? జుర్రుమని గీరుకుంటోందా? శుభ్రంగా మోగుతూనే అపశ్రుతి పలుకుతోందా? ఈ మూడింటికీ కారణాలు వేరు.

టక్కుమని ఆగితే పక్క వేలు తగులుతోందని అర్థం. కంపిస్తున్న తీగకు మెత్తటి చర్మం ఆనితే ఆ శక్తినంతా చర్మమే మింగేస్తుంది. గిటార్ మెడ మొదట్లో తీగకూ తీగకూ మధ్య సుమారు 7 మిల్లీమీటర్ల ఎడమే ఉంటుంది. పెద్దవారి వేలి కొస వెడల్పు ఇంచుమించు దానికి రెట్టింపు. కాబట్టి వేలు వాలిందంటే పక్క తీగ మీద పడక తప్పదు. సి మేజర్‌లో నాలుగో తీగ నొక్కే మధ్యవేలు వాలి మూడో తీగ నోరు మూయిస్తుంది, రెండో తీగ నొక్కే చూపుడువేలు ఒకటో తీగను ఆపేస్తుంది. చివరి కణుపు వంచి వేలిని నిటారుగా నిలబెట్టాలి. మెడ వెనకనున్న బొటనవేలిని కాస్త కిందికి జరిపితే వేళ్లు వాటంతట అవే గొడుగులా పైకి లేస్తాయి. ఎడమచేతి గోళ్లు పెరిగి ఉంటే మాత్రం ఏం చేసినా లాభం లేదు.

జుర్రుమనే చప్పుడు మెట్టు దగ్గర పుడుతుంది. వీణ మీదిలాగే గిటార్ మీదా మెట్లుంటాయి, వీటినే ఫ్రెట్లంటారు. మెట్టుకు దూరంగా, గది (రెండు మెట్ల నడిమి చోటు) మొదట్లో నొక్కితే తీగ మెట్టు మీద గట్టిగా ఆనదు, కంపించినప్పుడల్లా లేచి పడుతూ లోహానికి తగులుతుంది. అదే వేలిని మెట్టుకు ఆనుకుని ఉన్నట్టు ముందుకు జరిపితే చాలా తక్కువ బలంతోనే తీగ కుదురుకుంటుంది. 65 సెంటీమీటర్ల తీగ ఉన్న గిటార్‌లో మొదటి గది పొడవు దాదాపు 36 మిల్లీమీటర్లు. అంత చోటులో వేలు ఎక్కడ పడుతుందన్నదే తేడా తెస్తుంది. ఎంత బలం చాలో తెలుసుకోవడానికి ఒక మార్గముంది. వేలిని తీగకు ఊరికే ఆనించి మీటుతూ, కొద్దికొద్దిగా బలం పెంచండి. స్వరం తేటపడిన క్షణంలో ఆగండి. అంతకు మించి వాడే బలమంతా వృథా.

వృథా మాత్రమే కాదు, హాని కూడా. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగి గమకం పలికిస్తారు కదా! లాగితే బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. పౌనఃపున్యం, అంటే తీగ సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందని ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రజ్ఞుడు మెర్సెన్ 17వ శతాబ్దంలోనే సూత్రీకరించాడు. వైణికులు కోరి తెచ్చుకునే ఈ మార్పే కొత్తగా గిటార్ పట్టినవారికి తెలియకుండా జరిగిపోతుంది. అతిగా నొక్కినా, పట్టు కుదరక వేలు తీగను పక్కకు తోసినా ఒక స్వరం కాస్త పైకి జారి గుత్తి మొత్తం పాడవుతుంది. ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) చూస్తే అన్ని తీగలూ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే వాటిని నొక్కకుండా శ్రుతి చేశాం.

ఇక్కడ తంబురా శ్రుతికి అలవాటైన చెవులకు ఒక మాట. పట్టంతా సరిగ్గా ఉన్నా ‘ఈ’ (E) మేజర్ కార్డ్‌లో మూడో తీగ స్వరం కొంచెం ఎక్కువగా వినిపిస్తే మీ చెవిని అనుమానించకండి. గిటార్‌లో ప్రతి మెట్టూ పౌనఃపున్యాన్ని ఒకే నిష్పత్తిలో, సుమారు 1.0595 రెట్లు పెంచుతుంది. అలా నాలుగు మెట్లు ఎక్కితే వచ్చే గాంధారం, తంబురా తీగలో తనంతట తానే పలికే స్వయంభూ గాంధారం కన్నా ఒక మెట్టు తేడాలో ఏడో వంతు ఎక్కువ. ‘ఈ’ మేజర్‌లో నాలుగో తీగ 164.8 హెర్ట్జ్, మూడో తీగ 207.7 హెర్ట్జ్. శుద్ధమైన 5:4 నిష్పత్తికి మూడో తీగ 206 దగ్గర ఉండాలి. ఈ కొద్ది తేడాకే రెండు తీగల్లో అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాల మధ్య సెకనుకు ఆరేడు విస్పందనాలు (మోత హెచ్చుతగ్గులు) పుట్టి, స్వరం వణికినట్టు ఉంటుంది. అది నచ్చక మూడో తీగను దించితే ‘ఈ’ మేజర్ తియ్యగా మారుతుంది కానీ, సి, జి కార్డ్‌లు చెడిపోతాయి. పన్నెండు శ్రుతుల్లోనూ వాయించగలగడానికి ఈ వాద్యం చేసుకున్న రాజీ ఇది. దాన్ని అంగీకరించడమే మేలు.

ఇక కుడిచేయి. ఎడమచేతి మీద పడే నిందల్లో చాలావాటికి అసలు కారణం ఇదే. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) తీగల మధ్యకు లోతుగా దిగితే తీగ ఎక్కువగా ఊగి, బాగా నొక్కినా ముందరి మెట్లకు తగిలి గీరుకుంటుంది. పిక్ కొస కొద్దిగా మాత్రమే బయటికి కనిపించేలా పట్టుకుని, తీగల మీద తుడిచినట్టు పోనివ్వాలి. డి మేజర్‌లో ఆరో తీగ తగిలితే ఆ మంద్ర స్వరం మిగతావాటిని బురదలో ముంచినట్టు చేస్తుంది. చెయ్యి నాలుగో తీగ దగ్గర మొదలవడం నేర్చుకోవాలి.

స్ట్రమ్మింగ్‌లో, అంటే తీగలన్నిటినీ ఒక్క ఊపులో గీయడంలో, వేగం కూడా లెక్కే. ఆరు తీగల మీదా పిక్ దాటే దూరం సుమారు 5 సెంటీమీటర్లు. చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదిలితే 25 మిల్లీసెకన్లలో దాటేస్తుంది, చెవికి ఒకే మోతగా వినిపిస్తుంది. అర మీటరు వేగంతో కదిలితే 100 మిల్లీసెకన్లు పడుతుంది, ఆరు స్వరాలూ వరసగా రాలినట్టుంటాయి. ఆ వేగం మోచేతిని బిగిస్తే రాదు, మణికట్టు వదులుగా ఉంటేనే వస్తుంది. లయ తప్పడానికి మరో కారణం, కొట్టాల్సిన చోట కదిలి, మిగతా చోట చెయ్యి ఆగిపోవడం. పాట ఆగినా ఆది తాళం వేసే చెయ్యి ఆగదు. స్ట్రమ్మింగ్ కూడా అంతే: చెయ్యి కిందికీ పైకీ ఊయలలా ఊగుతూనే ఉండాలి, దెబ్బ వద్దనుకున్న చోట తీగల్ని తాకకుండా గాలిలో పోవాలి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఎఫ్ మేజర్ దగ్గర చాలామంది గిటార్ పక్కన పెట్టేస్తారు. చూపుడువేలు ఆరు తీగలనూ నొక్కాలని భయపడతారు. నిజానికి అది నొక్కాల్సినవి మూడే: ఆరోది, రెండోది, ఒకటోది. మిగిలిన మూడింటినీ వేరే వేళ్లు ముందరి మెట్ల దగ్గరే నొక్కుతాయి. చూపుడువేలిని కొంచెం పక్కకు ఒరిగించి, ఎముక గట్టిగా ఉన్న అంచుతో ఆనించండి. అయినా లొంగకపోతే ఒక్కో తీగనూ మూడో మెట్టు దగ్గర నొక్కి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందు చూడండి. పలచటి కాగితం దూరేంత ఉంటే సరే. అంతకన్నా ఎక్కువ ఉంటే లోపం మీ వేళ్లది కాదు, మెడ మొదట్లో తీగల్ని మోసే నట్‌ది. గిటార్లు బాగుచేసేవారు సన్నటి ఆకురాయితో ఆ గాడులను దించి ఇస్తారు.