భూతాపం పెరిగితే భూమిలో చమురు ఎక్కువ ఊరుతుందా? అపోహలు - వాస్తవాలు

కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వే బావుల దగ్గర రాళ్లు పరీక్షించడం నా పని. ఎండలు ముదిరాయంటే చాలు, నన్ను అడిగే ప్రశ్నలివి.

అపోహ: భూమి వేడెక్కితే లోపల చమురు తొందరగా తయారవుతుంది.

వాస్తవం: చమురును తయారుచేసే వేడి పైనుంచి దిగేది కాదు, కిందినుంచి వచ్చేది. లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25-30 డిగ్రీలు పెరుగుతుంది. రాతిలోని కెరోజెన్ (పూడిపోయిన జీవపదార్థం గట్టిపడి ఏర్పడిన ముడిసరుకు) చమురుగా మారాలంటే దాదాపు 60 నుంచి 120 డిగ్రీలు కావాలి. అది దాటితే గ్యాసే ఎక్కువ. పైన పెరిగిన వేడి వందేళ్లలో దిగేది వంద, నూట యాభై మీటర్లే. మూడు కిలోమీటర్ల లోతుకు చేరాలంటే లక్షల ఏళ్లు పడుతుంది. పోనీ, చేరిందే అనుకుందాం. పైన రెండు డిగ్రీలు పెరిగిందనుకుంటే, అది ఆ రాయి ఇంకో డెబ్బై మీటర్లు కిందికి దిగినదానితో సమానం. గోదావరి ఒండ్రు పేరుకుంటూ ఎప్పటినుంచో చేస్తున్న పనే అది.

అపోహ: డైనోసార్ల కాలంలో వేడి వల్లే చమురు పుట్టింది, ఇప్పుడూ పుడుతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. బావిలోంచి వచ్చిన రాఘవాపురం షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పొరల రాయి) కటింగ్స్‌ని, అంటే తవ్వేటప్పుడు పైకొచ్చే రాతి ముక్కల్ని, బురద పోయేదాకా కడిగి మైక్రోస్కోప్ కింద పెడితే ముదురు బూడిద రంగు, అక్కడక్కడా నలుపు కనిపిస్తాయి. క్రెటేషియస్ కాలపు (డైనోసార్ల చివరి యుగం) సముద్రం అడుగున కుళ్లిపోకుండా మిగిలిన జీవపదార్థం ఆ రంగులో ఉంది. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. అడుగున ఆక్సిజన్ లేకపోతే జీవపదార్థం నిలుస్తుంది. 9.4 కోట్ల ఏళ్ల కిందట చాలా సముద్రాల్లో ఇదే జరిగింది. అయితే వాతావరణం చేసిన సాయం ముడిసరుకు దాచడం వరకే. పూడిపోవడం, చమురుగా మారడం ఆ తర్వాత కోట్ల ఏళ్ల పని. ఇవాళ కూడా సముద్రాల్లో ఆక్సిజన్ తగ్గుతోంది. దానివల్ల మనకు చమురు రాదు, చేపలు పోతాయి.

అపోహ: అంటే భూతాపానికీ భూగర్భ గ్యాస్‌కూ సంబంధమే లేదన్నమాట.

వాస్తవం: ఉంది, మీథేన్ హైడ్రేట్ల దగ్గర. అంటే చలికి, ఒత్తిడికి నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన మీథేన్ గ్యాస్. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే సముద్రగర్భాన్ని తవ్వే పరిశోధన నౌక మన తీరానికి ఆవల, వెయ్యి మీటర్లకు పైగా నీటి కింద, దాదాపు 128 మీటర్ల మందాన హైడ్రేట్లున్న పొరను గుర్తించింది. అంత ఒత్తిడిలో అవి ఇప్పట్లో కరగవు. ఆర్కిటిక్ వైపు తక్కువ లోతులో ఉన్నవాటికే ముప్పు. సముద్రగర్భంలో విడుదలైన మీథేన్‌లోనూ చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. నా టెన్షనంతా బావుల దగ్గర, పైపుల జాయింట్ల దగ్గర లీకయ్యే మీథేన్ గురించే. అది నేరుగా గాలిలో కలుస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.