గుడ్డు సొన మందు తిన్నవాళ్ళు

పిల్లలూ,

"అమెరికాలో ఎయిడ్స్ వచ్చిన కొత్తల్లో చదువుకున్నవాళ్ళు కూడా పనిచేస్తుందో లేదో తెలియని మందులు ఎలా మింగారు తాతయ్యా?" అని అడిగారు కదా. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

అమెరికాలో ఎయిడ్స్ బయటపడింది 1981లో. 1987 మార్చిలో ఏజెడ్‌టీ అనే మందు వచ్చేదాకా ఎయిడ్స్ తెచ్చే వైరస్‌కి అనుమతి ఉన్న మందు ఒక్కటీ లేదు, వచ్చింది కూడా ఏడాదికి 8,000 డాలర్ల పైమాటే, పైగా చాలామందికి రక్తహీనత తెచ్చిపెట్టేది. కొత్త మందుకి అనుమతి రావాలంటే ఏళ్ళు పట్టేది, జబ్బు ముదిరినవాళ్ళకి చేతిలో ఉన్నవి నెలలు. ఇంక ఆగమంటే ఎవరాగుతారు?

కొందరు సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానాలో రైబవిరిన్ అనే మందు కొనుక్కొచ్చేవాళ్ళు. సినిమా నటుడు రాక్ హడ్సన్ హెచ్‌పీఏ-23 అనే మందు కోసం పారిస్ దాకా వెళ్ళాడు, దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఇజ్రాయెల్‌లో గుడ్డు సొన కొవ్వులతో చేసిన ఏఎల్-721 దొరక్కపోతే, వంటింట్లోనే లెసిథిన్ అనే కొవ్వు పదార్థం, వెన్న కలిపి ఫ్రీజర్లో పెట్టుకుని బ్రెడ్డు మీద రాసుకునేవాళ్ళు. అదీ పనిచెయ్యలేదు. జపాన్ నుంచి తెప్పించుకున్న డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ మింగితే అసలు రక్తంలోకి సరిగా చేరనే చేరదని తర్వాత తేలింది.

కాంపౌండ్ క్యూ సంగతి వేరు. అది చైనాలో పెరిగే ఒక తీగ వేరులోంచి తీసిన ప్రోటీన్, ఆ తీగ మన పొట్లకాయకి దాయాదే. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన ప్రాజెక్ట్ ఇన్ఫార్మ్ అనే రోగుల తరఫు సంస్థ డాక్టర్లని కూడగట్టి, ప్రభుత్వానికి చెప్పకుండా దాన్ని రోగులకి ఎక్కించి చూసింది. కొందరు కోమాలోకి వెళ్ళారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ధైర్యమే, కాదనను, కానీ నాకది మింగుడుపడదు.

అలాగని వాళ్ళని వెర్రివాళ్ళనకండి. ఏజెడ్‌టీ పరీక్షల్లో పోల్చి చూడ్డానికి కొందరికి మందు లేని పొడి ఇచ్చేవాళ్ళు. తమకిచ్చింది మందో ఉత్త పొడో తెలుసుకోవడానికి క్యాప్సూల్ విప్పి రుచి చూసినవాళ్ళున్నారు, అసలు మందు దొరికితే పక్కవాడితో పంచుకున్నవాళ్ళూ ఉన్నారు. 1988లో ప్రభుత్వమే దిగొచ్చి, సొంతానికైతే మూడు నెలలకి సరిపడా మందు బయటి దేశం నుంచి తెచ్చుకోవచ్చంది.

వీటన్నిటి మధ్యా నిలబడింది పెంటమిడిన్, నెబ్యులైజర్‌తో ఊపిరితిత్తుల్లోకి పీల్చే మందు. అది ఎయిడ్స్‌ని తగ్గించదు, అప్పట్లో ఆ రోగుల్ని ఎక్కువగా బలిగొన్న న్యుమోనియాని రానివ్వదు, అంతే. పెద్ద పరిశోధనశాలలు కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో రోగుల్ని రోజూ చూసే డాక్టర్లే పరీక్షించి లెక్కలు రాసిపెట్టారు. ఆ లెక్కలు చూసే 1989లో దానికి అనుమతిచ్చారు.

మీ తాతయ్య