తలుపు మీద నంబరు

విశాఖలో ఏ బస్తీని కూల్చినా పేపర్లో వార్త ఒకేలా ఉంటుంది. ఎంత స్థలం, ఎన్ని గుడిసెలు, ఎంత బందోబస్తు, పైన 'ఆక్రమణల తొలగింపు' అని హెడ్డింగు. మర్నాటికి ఆ వార్త పాతబడిపోతుంది. ఆ మనుషులు అక్కడికి ఎలా చేరారు, ఎవరి అవసరం కోసం చేరారు అన్న సంగతి ఆ నాలుగు లైన్లలో పట్టదు.

నేను అలాంటి ఒక పేటలోనే పుట్టి పెరిగాను. రేవు దగ్గర కాన్వెంట్ జంక్షన్‌కి నడిచిపోయేంత దూరం. ఒకపక్క రైలు పట్టాలు, ఇంకోపక్క గెడ్డ, అంటే వాగు. ఇప్పుడక్కడ కాంపౌండు గోడ, లోపల లారీలు. పేట పేరు రాయను, ఖాళీ చేయమని నోటీసు ఇచ్చిన ఆఫీసు పేరూ రాయను. ఈ ఊళ్ళో ఇలాంటి స్థలాలన్నిటి కథా దాదాపు ఒకటే, ఆఫీసు బోర్డు మారుతుందంతే.

విశాఖ అనగానే ఇప్పుడు అందరికీ బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. కానీ ఈ ఊరు పెరిగింది బీచ్ వైపు నుంచి కాదు, బురద వైపు నుంచి. డాల్ఫిన్ నోస్ కొండ వెనక, మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే చోట, పోటు నీళ్ళు ఎక్కి దిగే పెద్ద చిత్తడి నేల ఉండేది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని దగ్గర దారిన సముద్రానికి చేర్చుకోవాలని బ్రిటిష్ వాళ్ళు ఆ బురదను తవ్వి రేవు చేశారు. రాయపూర్-విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులోకి వచ్చింది. అలల ఉరవడి ఆపడానికి రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి కొండ దగ్గర ముంచేశారట. చిన్నప్పుడు ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ నాకు ఆ మునిగిన ఓడల్లో ఎవరో ఉన్నారనే అనిపించేది. మా అప్ప కూడా అదే చెప్పి భయపెట్టేది.

ఖనిజం దానంతట అది ఓడెక్కదు కదా. తట్టలకెత్తి మోసే మనుషులు కావాలి. అంతకుముందు మా శ్రీకాకుళం వైపు వాళ్ళు కరువొస్తే 'రంగం' పోయేవారు, అంటే రంగూన్. రేవు వచ్చాక విశాఖపట్నమే దగ్గరి రంగమైపోయింది. మా తాత రాజాం పక్క నుంచి అలా వచ్చినవాడే. ముందు మేస్త్రీ వచ్చాడు, వెనక తన ఊరి వాళ్ళని తెచ్చుకున్నాడు. ఎక్కడుంటారని వాళ్ళని ఎవరూ అడగలేదు. పట్టాల పక్క పల్లం చూపించి, అక్కడ పాకలు వేసుకోమన్నది మేస్త్రీయేనని తాత చెప్పేవాడు. కాగితం మీద ఆ నేల ఏదో ఒక సర్కారీ సంస్థదే. వానొస్తే మోకాల్లోతు నీళ్ళు నిలిచే చోటు కాబట్టి, పాకలు వేస్తుంటే అడ్డం చెప్పడానికి ఎవరూ రాలేదు.

దూరంగా ఉండి రేవు పని చేయడం కుదరదు. ఈ సంగతి తెలియకుండా బస్తీల గురించి మాట్లాడితే సగమే మాట్లాడినట్టు. ఓడ ఎప్పుడొస్తుందో, ఎన్ని కూలీ గ్యాంగులు కావాలో ముందుగా తెలియదు. తెల్లారకుండానే బుకింగ్ దగ్గర, అంటే ఆ రోజు పనికి పేర్లు పిలిచే చోట, నిలబడాలి. పేరు పిలిచినప్పుడు లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. రేవు కూలీల ఉపాధి క్రమబద్ధం చేస్తూ 1948లో చట్టం వచ్చింది, విశాఖలో డాక్ లేబర్ బోర్డు 1959లో ఏర్పడింది. పేరు నమోదైన కలాసీకి, అంటే రేవు కూలీకి, హాజరు చీటీ, కొంత భద్రత దొరికాయి. నమోదు కానివాళ్ళు కానివాళ్ళుగానే మిగిలారు. క్వార్టర్లు పర్మినెంటు వాళ్ళకి. మిగతావాళ్ళకి సైరన్ వినపడేంత దూరంలో ఉండటమే క్వార్టర్.

రేవు ఒక్కటే కాదు. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడితే ఊరు ఖాళీ అయింది. మా మామ్మ వాళ్ళు సింహాచలం దాకా నడిచి, గంజి కాచుకునే కుండ దారిలో పగిలిపోతే దానికోసం ఏడ్చిందట. అందరూ మళ్ళీ వచ్చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ జలఉషని నీళ్ళలోకి దింపారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960ల్లో ఎరువుల, భారీ ప్లేట్ల ఫ్యాక్టరీలు, బస్తర్ కొండల్లోని కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే రైలు. 1951లో లక్ష దాటిన జనాభా 1981కి ఆరు లక్షల దరిదాపులకు చేరింది. వచ్చిన ప్రతి ఫ్యాక్టరీ మనుషుల్ని పిలిచింది. వాళ్ళు పడుకునే చోటు గురించి మాత్రం ఆలోచించలేదు. మల్కాపురం నుంచి కంచరపాలెం దాకా కొండ వాలుల్లో, గెడ్డ ఒడ్డుల్లో పేటలు అలా పుట్టినవే.

నాకు తెలిసిన పేట 1970లు, 80లది. తాటాకు పోయి రేకులు వచ్చిన కాలం. సగం ఇళ్ళకి తలుపులు ఓడ చెక్కవే. ఓడలో సరుకు కింద పరిచి, దించాక పారేసే చెక్క అది. నాన్న అలాంటి పలకలు నాలుగు జత చేసి తలుపు కొట్టించాడు. పలకల మీద నల్ల రంగుతో ఏవో అక్షరాలుండేవి, ఏ దేశపువో మాకు తెలీదు. నేను అక్షరాలు నేర్చుకునే వయసులో వాటిని కూడా పలక మీద దించేవాణ్ణి. మా మాస్టారు చూసి, ఇదేం భాషరా అని నెత్తిమీద ఒకటి మొట్టారు.

తలుపు పక్క మేకుకి నాన్న కొక్కెం వేలాడేది. బస్తాకి గుచ్చి లాగే ఇనప కొక్కెం. దాన్ని ముట్టుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. అది ఇంట్లో ఉందంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు, అంటే ఆ రోజు బుకింగ్ దొరకలేదన్నట్టు. బడి నుంచి వస్తూ దూరం నుంచే మేకు వంక చూసేవాళ్ళం. కొక్కెం కనబడితే ఇంట్లో గొంతు పెంచకూడదని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి చోడి (రాగి) అంబలి, ఎండు నెత్తళ్ళు.

దుమ్ము సంగతి చెప్పకపోతే మా పేట గురించి చెప్పనట్టే. గాలి ఒకవైపు నుంచి వీస్తే ఎర్రది, ఇంకోవైపు నుంచి వీస్తే నల్లది. ఎర్రది ఖనిజం, నల్లది బొగ్గు. మంచినీళ్ళ బిందెకి అమ్మ తెల్ల గుడ్డ కట్టేది. సాయంత్రానికి గుడ్డ మధ్యలో అరచేతి వెడల్పున రంగు దిగేది. ఆ మరక చూసి ఇవాళ గాలెటుందో చెప్పగలిగేవాళ్ళం. యూనిఫాం తెల్ల చొక్కా ఇంటి బయట ఆరేసిన రోజు నాకు గుర్తు లేదు. పొయ్యి పైన కట్టిన తాడు మీద ఆరేది, అందుకని నా చొక్కా ఎప్పుడూ పొగ వాసన వేసేది. దగ్గు కూడా ఉండేదనుకోండి, కానీ అందరికీ ఉండేసరికి అదొక జబ్బని తోచలేదు.

సుఖాలు లేకపోలేదు. రాత్రి ఆరుబయట పడుకుంటే డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ వెలుగు తిరిగి తిరిగి వచ్చి రేకుల మీద నుంచి పోయేది. దాన్ని లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్ళం. రేవు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు గుట్టలు, ఒకదానిమీద మేరీమాత గుడి, ఒకదానిమీద దర్గా, ఇంకోదానిమీద వెంకన్న. మా గుంటలకి, అంటే పిల్లలకి, మతం కంటే ప్రసాదం ముఖ్యం, మూడూ ఎక్కేవాళ్ళం. మార్గశిరంలో గురువారాలు అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి తీసుకెళ్ళేది. ఆ అమ్మవారికి పైకప్పు ఉండదు. వాన కురిస్తే మా ఇంటి పరిస్థితీ అదే కాబట్టి ఆవిడంటే అమ్మకి ప్రత్యేకంగా ఇష్టం.

పని తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. ఇనుప ఖనిజానికి కన్వేయర్ బెల్టులు ముందే వచ్చాయి. 1976లో ఔటర్ హార్బర్ తయారై లక్ష టన్నుల ఓడలు వచ్చాయి, వాటిని నింపేది యంత్రాలే. అయినా గోధుమలు, ఎరువుల బస్తాలు ఉన్నంతకాలం నాన్న కొక్కేనికి పని ఉండింది. 2003లో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. సరుకు నింపిన ఇనప పెట్టె దిగి లారీ మీద కూర్చుంటే మధ్యలో భుజం అవసరం లేదు. 2008లో డాక్ లేబర్ బోర్డునే పోర్టు ట్రస్టులో కలిపేశారు. సరిగ్గా ఈ ఏళ్ళలోనే మా పల్లానికి విలువ వచ్చింది. పెట్టెలు పెట్టుకోవడానికి జాగా కావాలి, లారీలు తిరగడానికి రోడ్డు కావాలి. ఆక్రమణ అన్న మాట మా పేటలో మొదటిసారి వినబడింది కూడా అప్పుడే. అరవై ఏళ్ళు ఆ మాట ఎవరికీ తట్టలేదు.

మధ్యలో ఒక మంచి కాలం నడిచింది. 1988లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో విశాఖలో మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. సిమెంటు సందులు, కాలవలు, కుళాయిలు, వీధి లైట్లు, కమ్యూనిటీ హాళ్ళు. మా పేటకి సందు, కుళాయి వచ్చాయి. సర్వే వాళ్ళు డబ్బా పెయింటుతో ఇంటింటికీ నంబరు వేశారు. మా గోడ మట్టిది, రంగు నిలవదని తలుపు మీద వేశారు, ఆ తెలియని అక్షరాల మీదే. పట్టా మాత్రం రాలేదు. రాష్ట్ర ప్రభుత్వం తన స్థలానికైతే పట్టా ఇవ్వగలదు, కేంద్ర సంస్థ స్థలానికి ఎలా ఇస్తుంది? కుళాయికి అడ్డురాని యాజమాన్యం పట్టా దగ్గర అడ్డొచ్చింది. మావాళ్ళు ఆ తేడా అప్పట్లో పట్టించుకోలేదు. సర్కారే వచ్చి నంబరు వేసిందంటే ఇక ఇల్లు మనదేననుకున్నారు.

ఇలాంటి స్థలాల్లో వాడేది 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం. సివిల్ కోర్టులో దావా వేయాల్సిన పని ఉండదు. ఆ సంస్థ తరఫున నియమించిన ఎస్టేట్ ఆఫీసరే నోటీసు ఇస్తాడు, ఆయనే విచారిస్తాడు, ఆయనే ఖాళీ చేయమంటాడు. దానిమీద జిల్లా జడ్జి దగ్గరికి అప్పీలుకి వెళ్ళాలంటే గడువు 12 రోజులు. ఇంగ్లీషులో వచ్చిన కాగితం చదివించుకోవడానికే మా సందులో నాలుగు రోజులు పట్టింది. బొంబాయి పేవ్‌మెంట్ నివాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు ఈ ముక్క దగ్గర ఆగిపోతారు. అదే తీర్పు, పద్ధతి ప్రకారం నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ చెప్పింది. 1976 గుడిసెల లెక్కల్లో గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకి వేరే చోటు చూపించమంది. అంటే చివరికి అంతా కాగితం దగ్గరికే వచ్చింది.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ చేసిన వాళ్ళని ఈ జిల్లాలో నిర్వాసితులంటారు. వాళ్ళకి ఆర్ కార్డులున్నాయి, పునరావాసం కింద ఇచ్చినవి. ఆ కార్డుల మీద ఉద్యోగాలు అందరికీ రాలేదని దశాబ్దాలుగా పోరాడుతున్నారు, అదొక పెద్ద కథ. కానీ వాళ్ళకి ఒక పేరైనా ఉంది, దాంతో అడగడానికి వీలుంది. మా తాత వాళ్ళు కూడా ఫ్యాక్టరీల కోసమే వచ్చారు, ఫ్యాక్టరీల కోసమే లేచిపోయారు. మాకు దొరికిన పేరు ఆక్రమణదారులు. పొలం పోగొట్టుకున్నవాడికీ పొలమే లేక వచ్చినవాడికీ తేడా ఉంటుంది నిజమే. ఇంత తేడా ఉండాలా అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

విచారణకి పిలిచిన రోజు, ఎప్పట్నుంచి ఉంటున్నారో రుజువు తెమ్మన్నారు. రేషన్ కార్డు మధ్యలో మారింది, పాతది లేదు. కరెంటు బిల్లులు అమ్మ పొయ్యి రాజేయడానికి వాడేసింది. నాన్నా చిన్నాన్నా రాత్రి కూర్చుని ఆలోచించి, తెల్లారాక మడతబందులు విప్పి తలుపు ఊడదీశారు. రిక్షా మీద అడ్డంగా పెట్టి ఆఫీసుకి తెచ్చారు. మెట్ల దగ్గర గుమస్తా నవ్వాపుకోలేకపోయాడు.

"తలుపు మోసుకొచ్చారేంటండీ?"

"నంబరు దీనిమీదే ఉంది బాబూ. అందికే ఇలగే తెచ్చీసినాను."

గుమస్తా లోపలికెళ్ళి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన వంగి, చూపుడు వేలితో నంబరు మీద దుమ్ము తుడిచి, చీటీ మీద రాసుకున్నాడు. ఆ చీటీ వల్లే వచ్చిందో, మామూలుగానే వచ్చిందో గాని లిస్టులో మా పేరుంది. మా సందులో సగం పేర్లు లేవు. అద్దెకుండేవాళ్ళవి ఒక్కటీ లేదు. కూల్చేరోజు నేను డ్యూటీలో ఉన్నాను, సాయంత్రం వెళ్ళేసరికి కుళాయి దిమ్మ ఒక్కటే మిగిలింది. అందులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

2005లో మొదలైన కేంద్ర పథకం కింద ఊరికి ఆ చివర మధురవాడ వైపు కట్టిన ఫ్లాట్లలో మాకు మూడో అంతస్తు వచ్చింది. ఒక గది, వంటిల్లు, చిన్న బాల్కనీ. దుమ్ము లేదు, నీళ్ళ గుడ్డ తెల్లగానే ఉంటుంది. మా సందులో ఇళ్ళలో పాచిపని చేసుకునే ఆడవాళ్ళు బస్సు చార్జీలు లెక్కేసుకుని చాలామంది ఆ పనులు మానేశారు. కొందరు ఫ్లాటు అద్దెకిచ్చి మళ్ళీ పాత పేట దగ్గరి జ్ఞానాపురం వైపే గది తీసుకున్నారు.

తలుపు అక్కడి గుమ్మానికి సరిపోలేదు, ఫ్లాటుకి ఎలాగూ ఇనప తలుపుంది. నాన్న దాన్ని బాల్కనీలో వానజల్లుకి అడ్డంగా నిలబెట్టాడు. 2014 హుద్‌హుద్ తుఫానులో కిటికీ అద్దాలు పోయాయి గాని అది కదల్లేదు. లోపలివైపు మేకుకి కొక్కెం ఉంది. ఇప్పుడు దానికి అమ్మ ఉల్లిపాయల సంచీ తగిలిస్తుంది.