పిల్లి బొమ్మ మీరు వేసి పెట్టకండి (చిన్నపిల్లల డ్రాయింగ్: అపోహలు - వాస్తవాలు)

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలోనే ఆదివారాలు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు కార్టూన్ జంతువుల బొమ్మలు నేర్పిస్తాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలు. ఒకడు పిల్లి అంటే పక్కవాడు బిలెయి అంటాడు. అమ్మానాన్నల అపోహలు మాత్రం అందరివీ ఒకటే.

అపోహ: బోర్డు మీద చూపించింది అచ్చంగా దించేస్తే బొమ్మ వచ్చేసినట్టే.

ఆ ఒక్క పిల్లి వచ్చింది, అంతే. అదే పిల్లిని పడుకోబెట్టమనండి, చెయ్యి ఆగిపోతుంది. మొదట్లో నేనూ ఇలాగే నేర్పాను. ఒక నాలుగేళ్ల బాబుకి చెవులు కుదరడం లేదని చెయ్యి పట్టుకుని గీయించాను. బొమ్మ ముద్దుగా వచ్చింది, వాళ్లమ్మ ఫోటో కూడా తీసుకుంది. మరుసటి వారం నుంచి వాడు కాగితం నా వైపు తోసి "మీరే వెయ్యండి టీచర్" అనడం మొదలుపెట్టాడు, ఆ మాట మానిపించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ బాధగా ఉంటుంది. నిజానికి వాడికి చేతకానిది చెవి కాదు, త్రికోణం. మామూలుగా పిల్లలు చూసి సున్నా వేయడం 3 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది, చతురస్రం 4 ఏళ్లకి, త్రికోణం 5 ఏళ్లకి అటూ ఇటూగా. ఏటవాలు గీత చిన్న చేతికి అంత కష్టం. అందుకే ఇప్పుడు నాలుగేళ్లవాళ్లకి ఎలుగుబంటి, ఎలుక, ఏనుగు ఇస్తాను, సున్నాలతోనే అయిపోతాయి. పిల్లి, నక్క ఒక ఏడాది ఆగొచ్చు.

అపోహ: పక్క నుంచి వేసిన ఆవుకి నాలుగు కాళ్లూ వరసగా, రెండు కళ్లూ ఒకే వైపు పెడితే తప్పు, వెంటనే దిద్దాలి.

దయచేసి దిద్దకండి. ఫ్రెంచి పరిశోధకుడు ల్యూకే 1927లోనే చెప్పాడు, ఈ వయసు పిల్లలు కంటికి కనిపించేది కాదు, తమకు తెలిసింది వేస్తారని. మా క్లాసులో ఒక పాప వేసిన ఆవుకి కాళ్లన్నీ దువ్వెన పళ్లలా ఒకే గీత కింద ఉంటే, ఇన్నెందుకమ్మా అని అడిగాను. "అటువైపు కాళ్లు లేకపోతే పడిపోదా టీచర్?" అంది. ఆ పాప ఆవు గురించి అంతగా ఆలోచించింది మరి.

మా గజపతి, పక్కన రాయగడ జిల్లాల కొండల్లో సవర గిరిజనులు ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితాల్ అనే బొమ్మలు చూడండి. నాలుగు గీతల్లోనే ఏనుగు, గుర్రం గుర్తుపడతాం. (అది వాళ్ల పూజకు సంబంధించింది, పిల్లల చేత అలంకారానికి దించేయించకండి.) ఏ జంతువుకి ఏది గుర్తు అన్నదే అసలు పాఠం. ఏనుగుకి తొండం, కుందేలుకి చెవులు, నక్కకి తోక. కాగితం ఇచ్చే ముందు నేను అడిగేది అదొక్కటే: "ఏది తీసేస్తే ఇది ఏనుగు కాదు?"

అపోహ: ముందు నిజమైన డ్రాయింగ్ రావాలి, కార్టూన్ వేస్తే చెయ్యి పాడైపోతుంది.

చెయ్యి పాడవదు సరికదా, చూపు పదునెక్కుతుంది. ఇంట్లో ఇలా చేసి చూడండి. ఒకే సైజులో రెండు సున్నాలు వేయండి. ఒకదానిలో కళ్లు పైన, చిన్న చుక్కలుగా పెట్టండి. రెండోదానిలో కళ్లు సగానికి కిందకి దించి పెద్దవి చేసి, మధ్యలో కొంచెం ఎడం ఇచ్చి, ముక్కు, మూతి ఆ కిందే ఇరికించండి. మొదటిది పెద్ద జంతువులా, రెండోది పిల్ల జంతువులా కనిపిస్తుంది. పెద్ద తల, ఎత్తు నుదురు, కిందకి ఉన్న పెద్ద కళ్లు చూస్తే మనకు ముద్దు పుడుతుందని జంతువుల ప్రవర్తన మీద పరిశోధించిన కోన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు, కార్టూన్ జంతువులు చాలావరకు ఆ లెక్క మీదే నడుస్తాయి. ఆరేళ్ల పిల్లలకి ఈ కళ్ల సంగతి చూపిస్తే ఆ పూటంతా తల్లి కోతి, పిల్ల కోతి వేస్తూనే ఉంటారు, ఇంటికి రమ్మన్నా లేవరు.

ఇక చిన్నవి. ఎడమచేత్తో వేస్తే మార్పించాల్సిన పని లేదు, కాగితాన్ని కాస్త కుడివైపుకి వాల్చండి చాలు. కొత్త పొడుగు క్రేయాన్ల కంటే అంగుళం ముక్కలే మేలు, పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు కాబట్టి వేళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. రబ్బరు మాత్రం నేను అసలు ఇవ్వను. మా ఊళ్లో కొమ్ము బొమ్మలు చేసేవాళ్లు కొమ్ము వంపుని బట్టే కొంగ మెడ తీస్తారు, వంకర ఉందని పారేయరు. పిల్లల గీత వంకరపోతే "ఇప్పుడు దీన్ని ఏం చేద్దాం?" అంటాను. మొన్న ఒకడి కుక్క వీపు మీద అలా పడిన గీత నిమిషంలో రెక్క అయిపోయింది.

ఇంటికి తెచ్చిన బొమ్మని చూసి "ఇదేంటి?" అని మాత్రం అడగకండి, వాడు వేసింది మీకు అర్థం కాలేదని వాడికి తెలిసిపోతుంది. "దీని కథ చెప్పు" అనండి. చెబుతున్నంతసేపూ పెన్ను జేబులోనే ఉంచుకోండి.