ఆకు ఎర్రబడగానే అడగండి: సేద్యంలో సలహాపై అపోహలు - వాస్తవాలు

నల్గొండ జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పంట సమస్యల్లో చాలా వాటికి పరిష్కారం ఉంది. అడగడం ఆలస్యం కావడమే అసలు చిక్కు. ఎందుకు అడగలేదో రైతులు చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఏళ్ల తరబడి సేద్యం చేస్తున్నవాడు ఇంకొకరిని అడగడం నామోషీ.

వాస్తవం: అనుభవం మీద నాకు గొప్ప గౌరవం ఉంది. అయినా పత్తి ఆకు ఎర్రబడటాన్నే తీసుకోండి. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం ఎర్రబడితే అది మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. ఆకు అంచులు ముందు పసుపుబారి, తర్వాత ఎర్రబడి, కిందికి ముడుచుకుంటే పచ్చదోమ పని. ఆకు తిప్పి అడుగు భాగం చూస్తే పురుగు కనిపిస్తుంది. వానలకు నల్లరేగడిలో నీళ్లు నిలిచినా ఆకు ఎర్రబడుతుంది. అప్పుడు ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. మూడూ దారి నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. లోపానికి పురుగుమందు కొడితే డబ్బు పోతుంది, చేను మాత్రం కోలుకోదు. అనుభవం ఉన్న రైతు అడిగితే నాకూ సులువు: ఎరుపు ఎప్పుడు మొదలైందో, చేలో ఏ మూల ఎక్కువగా ఉందో, అంతకుముందు ఏం వేశారో ఆయన స్పష్టంగా చెబుతారు. ఆ వివరాలతోనే సగం తేలిపోతుంది.

అపోహ: మందుల దుకాణంలో అడిగితే చాలు.

వాస్తవం: దుకాణదారు అరువు ఇస్తారు, అవసరానికి ఆదుకుంటారు. అది కాదనను. కానీ ఆయన మీ చేను చూడలేదు. పైగా ‘ఈ వారం ఏ మందూ కొట్టవద్దు’ అని చెబితే ఆయనకు అమ్మకం ఉండదు. అందుకే అమ్మకంతో సంబంధం లేని మరో మాట కూడా వినండి. మీ రైతు వేదికలో విస్తరణ అధికారిని అడగవచ్చు. నల్గొండ వైపు కంపాసాగర్‌లో, పాలమూరు వైపు పాలెంలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

అపోహ: నష్టం కళ్లకు కనిపించాక అడిగినా సరిపోతుంది.

వాస్తవం: పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు విషయంలో అసలు సరిపోదు. పిల్లపురుగు కాయలోకి దూరాక రంధ్రం పూడుకుపోతుంది, ఆ తర్వాత పిచికారీ దాన్ని చేరదు. విచ్చుకోని గుడ్డి పూలు కనిపించిన రోజే అడగండి. చేలో లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) పెట్టుకుంటే, ఒక్కో బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినప్పుడు చర్య తీసుకోవాలి. ఆ లెక్క రాసిపెట్టుకుని వస్తే మీకు సలహా ఇవ్వడం క్షణాల పని.

అపోహ: పట్టా లేని కౌలు రైతుకు సలహా ఇవ్వరు.

వాస్తవం: సలహాకు పాసుపుస్తకం అక్కర్లేదు. పట్టా భర్త పేరున ఉన్నా, కలుపు తీస్తూ రోజూ మొక్కను చూసే అమ్మలే చాలాసార్లు తెగులును ముందు గుర్తిస్తారు. మీరే వచ్చి అడగండి.

అపోహ: పిచికారీ చేస్తుంటే తల తిరగడం మామూలే, నీడలో కూర్చుంటే తగ్గుతుంది.

వాస్తవం: అది విషప్రభావం కావచ్చు. పని ఆపి, తడిసిన బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లు కడగండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్లండి. అందులో ఏ రసాయనం ఉందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు త్వరగా ఇవ్వగలరు.

అపోహ: అప్పు సంగతి ఇంట్లో చెబితే పరువు పోతుంది.

వాస్తవం: పంట సలహా కోసం వచ్చినవారు చివరికి అప్పు గురించి చెప్పుకోవడం నాకు కొత్త కాదు. వడ్డీ ఎంతో, గడువు ఎప్పుడో ఇంటివాళ్లకు తెలిస్తే బ్యాంకుకు కలిసి వెళ్లవచ్చు, గడువు అడగవచ్చు. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద ఆశ సన్నగిల్లుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. ఇదీ ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. మీ పక్క చేను రైతు కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, ఆయన అడిగేదాకా ఆగకండి. ఆ ఫోన్ మీరే కలిపి ఇవ్వండి.