కాళహస్తి కలంకారీ: గీత నిలిచింది, నీళ్లే కరువయ్యాయి

శ్రీకాళహస్తి కలంకారీ అంటూ తిరుపతి అంగళ్లలో రెండు రకాల చీరలు అమ్ముతున్నారు. ఒకటి కలంతో గీసి, రంగు రంగుకూ ఉతికి తీసింది. రెండోది అదే బొమ్మను స్క్రీన్‌తో అచ్చు కొట్టింది. ధరల్లో మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండదు.

ఈ రాతపనికి మొదటి గిరాకీ గుడులది. రామాయణ, భారత కథలను గళ్లుగళ్లుగా గీసి, కింద తెలుగులో కథ రాసి, పెద్ద తెరలుగా కట్టేవారు. చీరలు, దుపట్టాలు చాలా తర్వాత వచ్చాయి. కోస్తాలో పెడనది చెక్క అచ్చుల అద్దకం. దాన్నీ కలంకారీ అనే అంటారు గానీ ఆ పని వేరు. తెరలు అడిగేవాళ్లు తగ్గి కాళహస్తి పని ఆరిపోయే దశకు వచ్చినప్పుడు, 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. దీని వెనక హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవ ఉంది. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి పద్మశ్రీ దక్కింది. గీసే చేతులు అలా నిలిచాయి. ఇబ్బందంతా గీతకు ముందూ వెనకా ఉన్న పనులతోనే.

గంజి పోయేదాకా ఉతికిన గాడా (ముతక నూలు) గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో నానబెట్టి, గట్టిగా పిండి, ఎండబెడతారు. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. పాలు పలచనైతే గీత అంచులు చీలికలై పాకుతాయి. గుడ్డను ఒకేలా పిండకపోతే ఒకచోట ముదురు, ఒకచోట లేత.

నలుపు పేరు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి 15 నుంచి 20 రోజులు పులియబెడతారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్నిని వేలితో నొక్కే కొద్దీ రంగు దిగుతుంది. చింతపుల్ల బొగ్గుతో గీసుకున్న బొమ్మ మీద కసిమి పెడితే మొదట వెలిసినట్టు కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. పులియని కసిమి గోధుమ రంగులోనే ఆగిపోతుంది. ఇనుము ఎక్కువైతే మరో చిక్కు: ఏళ్లు గడిచాక నల్ల గీత ఉన్నచోటే గుడ్డ చివికి చిరుగుతుంది. పాత తెరల్లో ఈ చిరుగులు చూడొచ్చు.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, కనీసం ఒక రోజు వదిలేసి, పారే నీళ్లలో ఉతకాలి. ఇక్కడ తొట్టి పనికిరాదు. వదులైన పటిక నిలవ నీటిలో తిరిగి గుడ్డకే అంటుకుంటుంది. తర్వాత ఎర్ర రంగిచ్చే మంజిష్ఠ, సురులుపట్ట వేసి ఉడికించినప్పుడు గుడ్డలో ఖాళీగా ఉండాల్సిన నేలంతా ఎర్రగా మురికిపడుతుంది. ఉడికించాక పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరేస్తే నేల తెల్లబడుతుంది. ఆ తర్వాత మళ్లీ పాలు, అప్పుడు కరక్కాయ పువ్వు పసుపు, నీలిమందు నీలం. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ.

ఇన్ని ఉతుకులకూ ఆధారం స్వర్ణముఖి. వానాకాలం దాటితే ఆ ఏరు ఇసుకే. బోరు నీళ్లను ఎంత పారించినా ఏటి వాలు రాదు, పైగా కరెంటు ఖర్చు. కష్టపడేవాడికి మిగిలేది తక్కువైనప్పుడు ఉతుకు అక్కర్లేని రసాయన రంగుల వైపు మొగ్గడంలో వింతేముంది? గుడ్డ స్క్రీన్ అచ్చుకు పోవడం దాని తర్వాతి మెట్టే.

2005-06లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది కానీ అంగడి బల్ల మీద ఉన్న చీరను పరీక్షించదు. ఆ పని కొనేవాళ్లదే. గీతను మాత్రం స్క్రీన్‌తో కొట్టి, రంగు చేత్తో నింపిన చీరలూ ఉన్నాయి కాబట్టి రంగు చూసి మోసపోకూడదు. ఒకే బొమ్మ వచ్చిన రెండు చోట్లను పక్కపక్కన పెట్టండి. చేతి పనిలో కన్ను, వేలు, నగ ఎక్కడో తేడా పడతాయి, కలంలో రంగు అయిపోయే చోట గీత సన్నబడి, మళ్లీ ముంచిన చోట లావెక్కుతుంది. రెండింటిలోనూ గీత ఒకే లావుండి, తప్పు కూడా ఒకేచోట పడిందంటే అది స్క్రీన్.