పెరటి నీటి తోటలో మొక్కలు, చేపలు: అపోహలు – వాస్తవాలు

ఇక్కడి లెక్కలు రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతున్న గుండ్రటి టబ్బుకు. మట్టి, పైన వదిలే ఖాళీ పోగా అందులో సుమారు 100 లీటర్ల నీళ్లు పడతాయి.

అపోహ: తామరైనా కలువైనా ఒకటే.

వాస్తవం: కొనేముందు ఆకు చూడండి. కలువాకుకు కాడ దాకా చీలిక ఉంటుంది, నీటి మీదే పరుచుకుంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, ముదిరాక నీటి పైకి లేస్తుంది. తామరకు రోజూ ఆరు గంటల ఎండ కావాలి. మీ పెరట్లో నాలుగు గంటలే పడితే కలువతో సరిపెట్టుకోండి. తామరకు మూలలున్న తొట్టి వద్దు. సాగే దుంప మొన మూలలో ఇరుక్కుని విరుగుతుంది.

అపోహ: కుండీ మట్టే ఇందులోనూ వేయొచ్చు.

వాస్తవం: కుండీ మట్టిలోని కోకోపీట్ (కొబ్బరి పొట్టు) తేలిపోతుంది, పచ్చి పశువుల ఎరువు కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. టబ్బులో దింపే వెడల్పాటి బేసిన్‌లో ఐదారంగుళాలు చెరువు మట్టి గానీ నల్లరేగడి గానీ వేసి, పైన అంగుళం కడిగిన ఇసుక పరవండి. కలువ దుంప మొలక కొన ఇసుక పైకి కనబడాలి, పూడిస్తే కుళ్లుతుంది. డీఏపీ ఎరువు గుళికలు నాలుగైదు కాగితంలో చుట్టి మట్టిలో లోతుగా గుచ్చాలి. నీళ్లలో చల్లారా, నాచు పండగ చేసుకుంటుంది, చేపలు పోతాయి.

అపోహ: నీళ్లు పచ్చబడితే మొత్తం తోడేయాలి.

వాస్తవం: తోడేస్తే కథ మళ్లీ మొదటికే. ఆకులు సగానికి పైగా నీటిని కప్పితే వెలుగందక పచ్చదనం తగ్గుతుంది. కలువ ఎదిగే దాకా నీటిపై తేలే అంతరతామర (వాటర్ లెట్యూస్) మొక్కలు నాలుగు వేయండి. గుర్రపుడెక్క మాత్రం వద్దు. ఎక్కువైనవి ఎండబెట్టి పారేయాలి, చెరువులోకి విసరొద్దు.

అపోహ: దోమలు పోవాలంటే గంబూసియా చేపలు, అందానికి కోయి చేపలు.

వాస్తవం: కోయి రెండడుగుల దాకా పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ మట్టి కెలుకుతుంది. గంబూసియా తోటి చేపల రెక్కలు కొరుకుతుంది. ఐదారు గప్పీ చేపలు చాలు. ఆడవి దోమ లార్వాలను ఎక్కువ తింటాయి. మగవే తెస్తే గుంపు పెరగదు. కడుపునిండా మేత వేస్తే ఏవీ లార్వా వంక చూడవు.

అపోహ: చేపలను మొక్కలతో పాటే వదలొచ్చు.

వాస్తవం: మూడు వారాలు ఆగాలి. చేపల రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడి ఉండదు. కొత్త సిమెంట్ గోలెమైతే సున్నం దిగే దాకా నీళ్లు నింపి, పారబోస్తూ ఉండాలి. చేపల కవరును ఇరవై నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, టబ్బు నీళ్లు గ్లాసు గ్లాసుగా అందులో కలిపాకే వదలండి.

మే నెలలో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆకలి కాదు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పైగా రాత్రంతా మొక్కలూ దాన్నే వాడుకుంటాయి. పావువంతు నీళ్లు మార్చి, నీట మునిగి పెరిగే హైడ్రిల్లా మొక్క గుబురుగా ఉంటే సగం తీసేయండి.